విషయం: వీలు లేకపోవుట గురించి

ఆమెకు పెళ్లి కాలేదు. అల్లుడు లేడు, కోడలు లేదు. అయినా మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఆమెను ఎవరికో అత్తగారనుకుంటారు. పుస్తకాలకు అట్టలు కడుతుంది కాబట్టి అందరూ అట్టమ్మ అంటారు. సరిగా చెవిన పడనివాళ్లకు అది అత్తమ్మ అయిపోతుంది. "ఎవరికండీ అత్తమ్మగారు మీరు?" అని అడిగితే ఆమె కుట్టు మీంచి కళ్లెత్తకుండా, "ఇంకా ఏదీ కుదర్లేదు. మీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా?" అంటుంది.

వెన్ను విరిగిన నిఘంటువొకటి చంకలో పెట్టుకుని మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అలాగే బోల్తా పడ్డాను. నిఘంటువు వారంలో బాగైంది. నేను మాత్రం ఆ తర్వాత కూడా వెళుతూనే ఉన్నాను. ఆమె పని చేస్తూ మాట్లాడుతుంది. వినేవాళ్లుంటే కుట్టు బిగువుగా పడుతుందట.

వీధి వైపు గది అది. ఆమె చక్రాల కుర్చీ తగలకుండా తిరగాలని గుమ్మానికున్న గడప ఎప్పుడో కోసేశారు. కుర్చీ చేతులు కిందికి దూరేంత ఎత్తులో బల్ల. బల్ల మీద ఎడమ పక్క విప్పిన పుస్తకాలు, పదహారేసి పేజీల ఫారాలుగా. కుడి పక్క కుట్టినవి, ఇనప దిమ్మల బరువు కింద. కిటికీ దగ్గర అట్టల మీద అతికించే కాలికో గుడ్డ చుట్టలు. వెనక వంటింట్లోంచి జిగురు ఉడుకుతున్న వాసన వస్తూ ఉంటుంది. జిగురు బాధ్యత మరదలిది, అంటే తమ్ముడి భార్యది. తమ్ముడు బస్సు నడుపుతాడు, ఇంట్లో కంటే రోడ్డు మీద ఎక్కువ ఉంటాడు.

"మా పొయ్యి మీద వంట కంటే జిగురే ఎక్కువ ఉడికిందండీ," అంది మరదలు నాతో ఒకరోజు. "పెళ్లయిన కొత్తలో జావనుకుని ఒక గరిటె నోట్లో కూడా పోసుకున్నా."

"అప్పుడైనా నోరు అతుక్కుంటుందని ఆశపడ్డాను. అదీ లేదు," అంది అట్టమ్మ.

వదినా మరదళ్లిద్దరూ పాతికేళ్లుగా ఇలాగే ఉన్నారు.

ఆ గదికి వచ్చే పుస్తకాల్లో మూడొంతులు ఊరి గ్రంథాలయానివి. నెలకు రెండు బస్తాల చినిగినవి వస్తాయి, రెండు బస్తాల బాగైనవి వెళతాయి. ముప్పై రెండేళ్లుగా ఇదే వరస. ఆ గ్రంథాలయంలో ఇప్పుడు ఆమె చెయ్యి పడని బీరువా ఉండకపోవచ్చు. కుట్టు చివర ముడిని ఆమె నీలం దారంతో వేస్తుంది, వెన్ను లోపల, ఎవరికీ కనబడకుండా. ఎందుకలా అని అడిగాను.

"ఎప్పుడైనా వెళితే పోల్చుకుందామని," అంది.

గ్రంథాలయం వాళ్ల వీధి చివరే ఉంది. కుర్చీలో ఆరు నిమిషాలు. ఆ తర్వాత పదకొండు మెట్లు.

ఆమెకు మూడో ఏట జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ కాళ్ల సత్తువ పట్టుకుపోయింది. వాళ్ల నాన్న ఆ గ్రంథాలయంలోనే అటెండరు. బడిలో చేర్చుకోలేదని, పొద్దున్నే ఆమెను వీపు మీద వేసుకుని తనతో తీసుకుపోయేవాడు. ఆమె ఆయన మెడ చుట్టూ చేతులు వేసి మెట్లు లెక్కపెట్టేది. ఏడో మెట్టు మీద ఆయన ఆగేవాడు.

"ఎందుకాగావు నాన్నా?"

"నీ లెక్క తప్పిందేమో చూసుకుందామని."

ఆయన ఆగింది ఊపిరి కోసమని ఆమెకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. అప్పటికి చెప్పడానికి ఆయన లేడు.

లోపల మూడో కిటికీ కింద కూర్చోబెట్టేవాడు. ఆ కిటికీకి ఒక నీలం అద్దం ఉండేది. పొద్దెక్కాక ఎండ అందులోంచి పేజీ మీద పడి అక్షరాలు నీళ్ల అడుగున ఉన్నట్టు కనబడేవట. కావలసిన పుస్తకం మాత్రం ఆయన తెచ్చి ఇచ్చేవాడు కాదు. ఎత్తుకుని బీరువా దాకా తీసుకెళ్లి, "నువ్వే తీసుకో" అనేవాడు. ఆమె వేలితో వెన్నులు తడుముకుంటూ పోయేది. ఒక్కోరోజు తీసుకోవడానికే పావుగంట పట్టేది. ఆయన చేతులు నొప్పెట్టినా తొందరపెట్టలేదు.

పన్నెండో ఏట నాన్న నడుం పట్టేసింది. దాంతో ఆ ప్రయాణం ఆగిపోయింది.

"ఆ తర్వాత నేను చదవలేదని కాదండీ. నా దగ్గరికి వచ్చిన ప్రతిదీ చదివాను. కానీ చినిగిందే కదా వచ్చేది. ఏది చినిగితే అది చదివాను. నేనుగా వెతికి తీసుకుని చదివిన పుస్తకం ఒక్కటీ లేదు, పన్నెండో ఏడు దాటాక," అంది అట్టమ్మ. దారం కొరికి, "పిల్లలకు కూడా దొరుకుతుంది ఆ సుఖం," అని ఆగింది.

మధ్యలో అసలు వెళ్లలేదని కాదు. ఎనిమిదేళ్ల కిందట గ్రంథాలయం వాళ్లు సభ పెట్టి, ఇన్నాళ్ల సేవకు నాలుగు మంచి మాటలు చెబుతామని పిలిచారు. నలుగురు మగవాళ్లు కుర్చీని నాలుగు వైపులా పట్టుకుని ఎత్తారు. ఎనిమిదో మెట్టు దగ్గర ఒకాయన చెయ్యి జారింది. ఆమె పడలేదు. చూస్తున్న జనం మాత్రం ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. ఆ "అయ్యో" ఇంకా చెవిలోంచి పోలేదంటుంది. సభ ముందు హాల్లోనే. పుస్తకాల గదికి ఆరోజు తాళం. పొగిడారు, చప్పట్లు కొట్టారు. ఎత్తినవాళ్లు టీ తాగడానికి వెళ్లి అటునుంచటే ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆమె రెండు గంటలు ఖాళీ హాల్లో గోడవైపు చూస్తూ కూర్చుంది.

"లోపలికి పోవడం ఒకరి చేతిలో, బయటికి రావడం ఇంకొకరి చేతిలో. పుస్తకాల బస్తా అలాగే పోతుంది. నేను బస్తాను కాదు కదా."

ఇంకెప్పుడూ ఎత్తనివ్వలేదు.

ఈ ఏడు ఆ మెట్లు పగలగొట్టారు. అరిగి, బీటలు వారి, వాన పడితే జనం జారిపడుతున్నారని కొత్తవి వేయడానికి. కబురు తెచ్చింది మరదలు.

"వదినా, నీ శత్రువులు పోయారు. పదకొండుమందీ."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ వెళ్లారు. పాత రాళ్లు పక్కన గుట్టగా పడి ఉన్నాయి. నాన్న ఆగే ఏడో మెట్టు ఏదో పోల్చుకుందామని అట్టమ్మ చాలాసేపు చూసింది. అన్నీ ఒక్కలాగే అరిగి ఉన్నాయి. తర్వాత మేస్త్రీని పిలిచింది.

"మేస్త్రీ, మెట్ల పక్కన వాలుగా ఒక దారి కూడా వస్తుందా?"

"నాకిచ్చిన నక్షాలో మెట్లే ఉన్నాయమ్మా. ఇసుక ఉంది, సిమెంటు ఉంది, నేనున్నా. కాగితమే లేదు. తెండి, రేపే మొదలెడతా."

"మెట్లు ఎన్నాళ్లలో అయిపోతాయి?"

"ఇరవై రోజులు. ఒకసారి అయ్యాయా, మళ్లీ వీటి జోలికి రావాలంటే నా మనవడు మేస్త్రీ కావాలి. వాడికింకా పళ్లు రాలేదు."

ఇరవై రోజుల్లో కాగితం. ఆ కాగితం ఎవరిస్తారో కనుక్కోవడానికే మూడు రోజులు పోయాయి.

గ్రంథాలయాధికారి మెత్తని మనిషి. గోడ పక్కన ఇటికల మీంచి జాగ్రత్తగా కిందికి దిగివచ్చాడు. "పుస్తకాలు మావి అట్టమ్మగారూ, బిల్డింగు మున్సిపాలిటీది. మీరు ఊ అంటే మా వాళ్లు ఇప్పుడే ఎత్తి..." అనబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. మున్సిపాలిటీ ఇంజనీరింగు సెక్షన్లో ఒకాయన, "వాలుదారి కావాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా, ఫైల్లో అలాంటిదేం లేదు. వికలాంగుల ఆఫీసు నుంచి మాకు రాయించండి, చూస్తాం," అన్నాడు.

బయటికొచ్చాక మరదలు కుర్చీ ఆపేసింది. "వదినా, ఫిర్యాదు ఎక్కడివ్వాలో ఎవరూ సరిగా చెప్పడం లేదని ఒక ఫిర్యాదు ఇవ్వాలి. అది ఎక్కడివ్వాలంటావు?"

వికలాంగుల సంక్షేమ కార్యాలయానికి వాలుదారి ఉంది. చక్కగా, రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలతో. దాని మీద ఐదు మోటారు సైకిళ్లు వరసగా ఉన్నాయి. మరదలు నడుం మీద చెయ్యి వేసుకుని గుమ్మంలోకి కేకేసింది. "ఈ బళ్లు కూడా మెట్లెక్కలేవా అండీ? మా వదిన ఎక్కలేదు. కొంచెం జరిపిస్తారా?"

ఐదుగురు వచ్చి జరిపారు. ఒకాయన క్షమించమన్నాడు కూడా.

అట్టమ్మ ఉత్తరం ఇంటి దగ్గరే రాసి తెచ్చుకుంది. లేఖలు రాయడం నేర్పే పుస్తకమొకటి ఆమె చేతికి మూడుసార్లు చినిగి వచ్చింది, మూడుసార్లూ చదివింది. అందుకని అంతా పద్ధతిగా ఉంది. పైన అధికారి హోదా, దాని కింద 'విషయం: వీలు లేకపోవుట గురించి', గీత గీసి, కింద సంగతంతా. గుమాస్తా తీసుకుని ముద్ర వేశాడు, రసీదు మీద నంబరు రాసిచ్చాడు.

"పదిరోజుల్లో వచ్చేస్తుందమ్మా," అన్నాడు.

ఏమొస్తుందని అప్పుడే అడగాల్సింది.

కాగితం ఇచ్చిన తొమ్మిదోరోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. తపాలా మనిషి గోనెపట్టాలో కుట్టిన గుండ్రటి కట్ట ఒకటి దొర్లించుకుంటూ వచ్చాడు. కుట్టు విప్పడం అట్టమ్మకు క్షణం పని. లోపల ఒక చక్రం ఉంది. ఒకే ఒక్కటి, కొత్తది, రబ్బరు వాసన కొడుతూ. దానితో ఒక ఫారం: 'మీ ఫిర్యాదు మేరకు వీల్ పంపడమైనది. ముట్టినట్టు సంతకం చేసి పంపగలరు.'

ముగ్గురం దాన్ని చూస్తూ కూర్చున్నాం. ముందు నవ్వింది మరదలు. "వీలు లేదన్నావు కదా వదినా. వీల్ ఇచ్చారు!"

అట్టమ్మ కూడా నవ్వింది, కళ్లు తుడుచుకునేదాకా. తర్వాత కిటికీలోంచి వీధి చివరికి చూస్తూ, "ఇవాళ్టికి ఎన్ని మెట్లు వేశారో కనుక్కుని రా," అంది.

మరదలు వెళ్లి వచ్చింది. ఐదు.

మర్నాడు చక్రం ఒళ్లో పెట్టుకుని మళ్లీ ఆఫీసుకు వెళ్లింది. వాలుదారి మీద ఈసారి మూడు బళ్లే ఉన్నాయి. గుమాస్తా ఆమె ఒళ్లో చక్రం చూసి మొహం విప్పార్చాడు. అంత త్వరగా పంపినందుకు మెచ్చుకోవడానికి వచ్చిందనుకున్నాడు పాపం.

"వీల్ అందిందా అమ్మా?"

"అందింది బాబూ. ఎందుకు పంపారిది?"

"మీరే కదా లేదన్నారు."

"నా కుర్చీకి రెండూ ఉన్నాయి. చూసుకో."

అతను బల్ల మీంచి వంగి చూశాడు. రెండూ ఉన్నాయి. రిజిస్టరు తెరిచాడు. "ఇదిగో మీ నంబరు. వీల్ లేకపోవుట. పరికరాల విభాగానికి పంపడమైనది. వాళ్లు ఒకటి పంపడమైనది."

"ఇంకొంచెం గట్టిగా రాసుంటే రెండూ పంపేవాళ్లు," అంది మరదలు.

"నేను రాసింది వీల్ కాదు బాబూ. వీలు."

"అదేనమ్మా నేనూ అంటున్నా, వీలు."

"నీ వీలు కాదు నాయనా, నా వీలు!"

ఆఫీసంతా తలలెత్తింది. వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అట్టమ్మ గొంతు తగ్గించి, "నా కాగితం తీసి చదువు. పైకి చదువు," అంది.

గుమాస్తా ఫైల్లోంచి తీసి చదివాడు. "నేను ముప్పై రెండేళ్లుగా మన గ్రంథాలయం పుస్తకాలు బాగుచేస్తున్నాను. మా ఇంటి నుంచి అక్కడికి ఆరు నిమిషాలు. పదకొండు మెట్ల వల్ల లోపలికి వెళ్లడానికి నాకు వీలు లేదు. నాకు నచ్చిన పుస్తకం నా చేత్తో తీసుకోవడానికి వీలు లేదు. ఇప్పుడు ఆ మెట్లు తిరిగి కడుతున్నారు కనుక, ఇప్పుడైనా వీలు కల్పించవలసిందిగా..." అక్కడికి వచ్చేసరికి అతని గొంతు దిగిపోయింది. వెనక నవ్వు కూడా ఆగిపోయింది.

"విషయం వరకే చదివి పంపించేశానమ్మా. చాలా వస్తాయి రోజూ."

"సరేలే. నాదీ ఉంది తప్పు. ఇంకో మాట వాడాల్సింది. ఇప్పుడేం చేద్దాం?"

"ముట్టినట్టు సంతకం పెట్టండి. ఇది మూసేసి కొత్తది తెరుద్దాం."

"మూస్తే దీని మీద ఏమని పడుతుంది?"

"పరిష్కారమైనదని."

"అయితే పెట్టను."

"అమ్మా, నెలాఖరు. మూయకపోతే నన్నడుగుతారు."

"అడగనీ. నన్నూ అందరూ అడుగుతూనే ఉన్నారు, పుస్తకాలన్నీ నువ్వే కుడతావు, పుస్తకాల గదిలోకి ఒక్కసారీ రావేమని."

చివరికి అట్టమ్మే ఆ ఫారం అడిగి తీసుకుంది. సంతకం చేసే చోట 'ఈ వీల్ నాకు వద్దు, వీలు కావాలి' అని రాసి దాని కింద సంతకం పెట్టింది. గుమాస్తా దాన్ని ఫైలు పైన గుచ్చుకుని అధికారి గదిలోకి వెళ్లాడు. లోపల అధికారిణి నవ్వడం వినబడింది. తర్వాత కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. అప్పుడామె బయటికే వచ్చి, స్టూలు లాక్కుని అట్టమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఫిర్యాదు ఇక్కడే ఇవ్వాలమ్మా, మీరు సరైన చోటికే వచ్చారు. కానీ భవనం ఎవరిదో వాళ్లక్కూడా అదే కాగితం అదేరోజు అందాలి. లేకపోతే మాకు రాలేదంటారు. రెండింటి మీదా ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గరుండాలి. మెట్లెన్ని, ఎత్తెంత, ఒక ఫొటో. ఇవన్నీ మొదటిరోజే మా వాళ్లు చెప్పాల్సింది."

గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి. కొత్త కాగితం అతనే తన చేతిరాతతో రాశాడు. 'విషయం: గ్రంథాలయంలోకి చక్రాల కుర్చీ వెళ్లుటకు వాలుదారి కట్టించుట గురించి.' రాసి, సరిపోయిందా అన్నట్టు చూశాడు.

"చక్రం అని ఉందిందులో. మళ్లీ పంపిస్తారేమో చూసుకోండి," అంది మరదలు.

మున్సిపాలిటీ నకలు తానే సైకిలు మీద తీసుకెళ్లి ముద్ర వేయించుకొచ్చాడట. చక్రాన్ని మాత్రం వాపసు తీసుకోలేదు. ఇచ్చిన పరికరం వెనక్కి తీసుకునే రిజిస్టరు వాళ్ల దగ్గర లేదు. ఇప్పుడది పెరట్లో మేకుకు వేలాడుతోంది. జిగురు వడగట్టే గుడ్డలు మరదలు దాని మీదే ఆరేస్తుంది.

చెప్పిన ఇరవైలో పద్దెనిమిదోరోజు మేస్త్రీ స్వయంగా వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "కాగితం వచ్చిందమ్మా," అన్నాడు. మెట్లు అప్పటికి పది అయ్యాయి. పదకొండోది ఆపి వచ్చాడు. "అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కావాలట. మెట్ల పక్కన పట్టదు. గోడ వెంబడి తిప్పుతాను, కిటికీల కిందుగా. కొంచెం చుట్టు."

"ఏ కిటికీలు?"

"ఎడం పక్కవి. మూడూ."

అట్టమ్మ సూది బల్లమీద పెట్టేసింది.

ఇంకో నెల పట్టింది. ఆ నెలంతా రోజూ వెళ్లి చూసేది. ఆఖరి పూత వేసినరోజు నేనూ ఉన్నాను. సిమెంటు అద్దంలా నున్నగా తేలింది. మేస్త్రీకి దాన్ని చూసుకుని మహా ముచ్చటగా ఉంది.

"మేస్త్రీ, ఇది నీకు బాగుంటుంది. నా చక్రాలకు జారుతుంది. వానొస్తే మరీను. గీతలు పడాలి."

"గీతలకు సన్నతాడు కావాలమ్మా. నా దగ్గరున్నది మోకు."

అట్టమ్మ కుర్చీ పక్క సంచిలోంచి తీసింది. పుస్తకాల వెన్నుకు వేసే, మైనం రాసిన పురికొస. ముప్పై రెండేళ్లు ఆమె పుస్తకాలను పట్టి ఉంచిన కొస అది. మేస్త్రీ ఒక చివర పట్టుకున్నాడు, ఆమె ఒక చివర పట్టుకుంది. వాలుదారికి అడ్డంగా బిగదీసి, తడి సిమెంటులోకి అదిమి ఎత్తితే సన్నని గీత పడుతుంది. జానెడుకొకటి. ఆమె కుర్చీ కింద నేలమీద ఉంది, దారి తక్కువ ఎత్తులో ఉన్నంతవరకు చెయ్యి అందింది. దారి పైకి లేచేకొద్దీ అందలేదు. అక్కడినుంచి ఆమె చివర మరదలు పట్టుకుంది. ఇద్దరూ గీతలు వేసుకుంటూ మొదటి కిటికీ దాటారు, రెండోది దాటారు, పైన గుమ్మం దాకా వెళ్లిపోయారు. అట్టమ్మ కిందే ఉండిపోయింది.

"మూడో కిటికీకి నీలం అద్దం ఉందా?" అని కేకేసింది.

మరదలు మెడ చాచి చూసింది. "ఉంది వదినా! మూల కొంచెం పగిలింది. లోపల బీరువాలు కనబడుతున్నాయి."

"చెప్పకు! నేను చూస్తాను," అంది అట్టమ్మ గబుక్కున.

మేస్త్రీ దిగొచ్చి చేతులు కడుక్కుంటూ, "పదిరోజులు తడపాలమ్మా. అంతవరకు చక్రం ఎక్కకూడదు. ఇన్నాళ్లు ఆగారు, పదిరోజులెంత," అన్నాడు. ఆయన మంచికే అన్నాడు.

ఇవాళ ఆరోరోజు. మధ్యాహ్నం వెళితే బల్ల దగ్గర లేదు. వీధి చివరికి వెళ్లాను. వాలుదారి మొదట్లో, తడి గోనెపట్టాల అంచుకు చక్రాలు ఆనించి కూర్చుని ఉంది. పైన మేస్త్రీ బకెట్టుతో నీళ్లు చల్లుతున్నాడు. నీళ్లు గీతల్లో నిండి, ఒక్కో గీత దాటుకుంటూ ఆమె దాకా దిగి వస్తున్నాయి.

పక్కన నిలబడి అడిగాను. "వెళ్లగానే ఏ పుస్తకం తీస్తారు?"

ఆమె వేళ్లు ఒళ్లోనే, లేని వెన్నుల మీద నడుస్తున్నట్టు కదిలాయి.

"ఏదో తెలీదండీ," అంది. "చినగనిది ఒకటి."